మా అల్లుడు చెరువులో గేట్లు చూసిన సంగతి

అల్లుడి గురించి అత్త నాలుగు మంచి మాటలు రాస్తే ఎవరూ నమ్మరు. అల్లుడింట్లో ఉంటోంది కదా, తిన్న తిండికి మొహమాటపడి రాసిందిలే అనుకుంటారు. నేనుండేది అల్లుడింట్లోనే, కాదనను. కానీ నా తిండి నా కుట్టుమిషను పెడుతుంది. నేనెవరికీ మొహమాటపడే మనిషిని కాదని తెలియాలంటే ముందు చెడ్డంతా రాసి పారేస్తాను. మంచి సంగతి తర్వాత.

మా అల్లుడు తడి తువ్వాలు మంచం మీద పడేస్తాడు. తిన్న కంచంలోనే చెయ్యి కడుగుతాడు. ఏ పని చెప్పినా "చూద్దాం అత్తయ్యా" అంటాడు. వంటింటి కిటికీ రెక్క ఊడిన రోజున కూడా "చూద్దాం" అన్నాడు. మా మనవరాలు పుట్టకముందు మాట అది. ఇప్పుడా పిల్ల పెళ్ళి చేసుకుని వేరే ఊళ్ళో కాపురం పెట్టింది. కిటికీ రెక్క మాత్రం ఇంకా తాడుకే వేలాడుతోంది.

అతను పోస్టుమాన్. అసలు పేరుతో అడిగితే మా వీధుల్లో ఎవరూ చెప్పలేరు. "ట్రింగు" అనండి, కుక్కలు కూడా తలెత్తుతాయి. ప్రతి గేటు ముందూ ఒక్కసారి సైకిలు బెల్లు కొడతాడు కాబట్టి ఆ పేరు. పోస్టాఫీసు వాళ్ళు ఒక మనిషికి అప్పజెప్పిన వీధుల్ని బీటు అంటారు. ఇతని బీటు అచ్చాఫీసు మూల దగ్గర మొదలై చెరువుగట్టు రోడ్డు దాకా పోతుంది. ఏ గేటు గడియ ముందు పైకెత్తి తర్వాత తొయ్యాలో, ఏ ఇంటి ముసలాయనకి ఎడమ చెవి వినబడదో, ఏ కుక్క అరుపుతో సరిపెడుతుందో, ఏది పిక్క పట్టుకుంటుందో, అన్నీ అతనికి తెలుసు.

అతనికో అలవాటుంది. అది ముందే చెప్పాలి, తర్వాత పనికొస్తుంది. ప్రతి గేటు ముందూ సైకిలాపి, కాలు నేల మీద పెట్టి, తలెత్తి ఇంటి నెంబరు చూస్తాడు. చూశాకే కవరు లోపల వేస్తాడు. ఏళ్ళ తరబడి వెళ్ళే ఇల్లయినా సరే.

"తెలిసిన కొంపే కదయ్యా, మళ్ళీ నెంబరు చూడ్డం ఎందుకు?" అని ఓసారి అడిగాను.

"తెలుసు అనుకున్న చోటే తప్పుతాం అత్తయ్యా. కళ్ళతో చూసుకుంటే గొడవ లేదు" అన్నాడు.

ఇంత జాగ్రత్త మనిషి ఒంటి సంగతి మాత్రం చూసుకోలేదు. మా అమ్మాయిది పరీక్షల లాబులో రక్తం తీసే పని. ఇంట్లో కూడా అదే పని చేస్తుందని అల్లుడంటాడు, అది వినబడనంత దూరంలో ఉన్నప్పుడు. మొగుడి వేలు పొడిచి షుగరు కనిపెట్టింది అదే. అప్పటికే చెరువుగట్టు ఎత్తు ఎక్కేసరికి అతనికి ఆయాసం వచ్చేది. సైకిలు దిగి నెట్టుకుంటూ పోయేవాడు. చొక్కా బొత్తాలు పొట్ట దగ్గర నాకు రోజూ దణ్ణం పెడుతుండేవి, మమ్మల్ని వదిలెయ్యి తల్లీ అని.

ఇంతలో పోస్టాఫీసుకి కొత్త పోస్టుమాస్టరు వచ్చాడు. మెత్తగా మాట్లాడే మనిషి. మెత్తటి మాటలవాళ్ళంటే నాకు భయం, ఎక్కడ కోస్తారో తెలీదు. ఆయన వస్తూనే ఒంట్లో బాగాలేని పెద్దవాళ్ళని వీధుల్లోంచి తీసి లోపల ఉత్తరాలు వేరుచేసే టేబులు దగ్గర కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు. మా అల్లుణ్ణి పిలిచి, "మీ మంచికే చెబుతున్నాను. చక్కగా ఫ్యాను కింద కూర్చోవచ్చు" అన్నాడట.

"నాకేం సార్, నేను బాగానే ఉన్నాను" అన్నాడట మావాడు, మెట్లెక్కి వచ్చిన ఆయాసంతో రొప్పుతూ.

గోడ మీద ఒక కాగితం అతికించి ఉంది. చెరువు దగ్గర ఆటల క్లబ్బు వాళ్ళు పెట్టే పోటీ. ట్రయాథ్లాన్ అంటారు. ముందు చెరువులో ఈత, ఒడ్డెక్కి సైకిలు, సైకిలు దిగి పరుగు, మధ్యలో కూర్చోడాలు లేవు. కొత్తవాళ్ళ కోసమని చిన్న పోటీ కూడా పెట్టారు. పోస్టుమాస్టరు దానికేసి చెయ్యి చూపించి నవ్వాడట. "అయితే ఇది పూర్తిచేసి చూపించండి. మీ వీధులు మీకే ఉంచుతాను. లేదంటే వానలు మొదలయ్యేసరికి టేబులు."

అందరూ నవ్వారట. మావాడు నవ్వలేదు. "సరే సార్" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది అక్కడే. కిటికీ రెక్కకి "చూద్దాం", కారే కొళాయికి "చూద్దాం". జన్మలో ఒక్కసారి "చూద్దాం" అనాల్సిన చోట మటుకు "సరే సార్" అని వచ్చాడు!

ఆ సాయంత్రం ఇంట్లో జరిగిన మాటలివి.

"మీకు ఈత వచ్చా?" అంది మా అమ్మాయి.

"రాదు."

"పరుగు?"

"కుక్కలున్న వీధి నాది."

"ఈత రాకుండా ఎట్లా ఒప్పుకున్నారు?"

"సైకిలొచ్చు, పరుగొచ్చు. మూడింటిలో రెండొచ్చు కదా" అని నీళ్ళు నమిలాడు.

"నమలడం కాదు నాయనా, ఆ నీళ్ళు ఈదాలి" అన్నాను నేను.

తర్వాత తెలిసింది అసలు మెలిక. ఈత ముందు. సైరను మోగేలోగా ఒడ్డెక్కకపోతే సైకిలు ముట్టుకోనివ్వరు, ఇంటికి పొమ్మంటారు. అంటే వచ్చిన రెండూ రానిదాని వెనకాల దాక్కున్నాయి. నీళ్ళలోంచి వేళకి బయటపడితే అతని వీధులు అతనికి దక్కుతాయి. పడకపోతే ఫ్యాను కింద కూర్చుని పక్కవాడి ఉత్తరాలు వేరుచేయాలి.

ఆ రాత్రి అన్నం ముందు మెతుకులు లెక్కపెట్టినట్టు కూర్చున్నాడు. "టేబులు దగ్గరకి ఎవరూ రారు అత్తయ్యా" అన్నాడు, ఎవరూ అడగకుండానే. నేను అతని కంచంలో ఇంకో గరిటె మజ్జిగ పోశాను. నాకు ఏమీ అనబుద్ధి కాని రోజులు తక్కువ, అందుకే గుర్తుంది.

మర్నాటి నుంచి మొదలైంది మా ఇంట్లో జాతర. క్లబ్బులో ఈత నేర్పే టీచరమ్మ ఇల్లు అతని బీటులోదే. సన్నగా, మెడలో ఈలతో, పొద్దున్నే లేచే కోడిపుంజులా ఉంటుంది. గేటు దగ్గర కవరు అందిస్తూ సంగతి చెప్పాడట. ఆవిడ కింద నుంచి పైదాకా చూసి, "ముందు బకెట్లో మొహం పెట్టి గాలి వదలడం నేర్చుకుని రండి" అంది.

ఇక బకెట్టు స్నానాల గదిలో ఉండదు, వరండాలో ఉంటుంది. మోకాళ్ళ మీద కూర్చుని, మొహం ముంచి గుడగుడమని బుడగలు వదలడం, తలెత్తి చేపలా నోరు తెరవడం. నా దగ్గరికి బ్లవుజుల కోసం వచ్చే ఆడవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయారు. "మీ అల్లుడికి ఏమైందండీ?" అని ఒకావిడ చెవిలో అడిగింది. "ఏం కాలేదమ్మా, మొహం సరిగ్గా కడుక్కోవడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు" అన్నాను.

బకెట్టు అయ్యాక క్లబ్బు కొలను. తెల్లారకముందే వెళ్ళేవాడు. మొదటి వారమంతా గట్టు పట్టుకుని కాళ్ళాడించడమే. అతని పక్కన గట్టు పట్టుకున్నవాళ్ళంతా పాలపళ్ళ పిల్లలు. వాళ్ళు గట్టు వదిలి వెళ్ళిపోయాక కూడా ఇతను పట్టుకునే ఉన్నాడు. కానీ ఒకటి చెప్పాలి, మానలేదు. మూతి ముడుచుకుని వచ్చేవాడు, మర్నాడు మళ్ళీ వెళ్ళేవాడు. ఒకరోజు తడి తలతో వచ్చి గుమ్మంలో నిలబడి, "ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పోయానత్తయ్యా" అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. క్లోరిను వల్లే అనుకున్నాను. మా అమ్మాయి లాబుకి పోతూ పోతూ వెనక్కొచ్చి, ఆ తడి తువ్వాలు తనే తీసి తీగ మీద ఆరేసింది. ఇంట్లో అదో వింత.

టీచరమ్మ ఇంకోటి చెప్పింది. సైకిలు దిగగానే పరిగెత్తడం విడిగా నేర్చుకోవాలట, లేకపోతే కాళ్ళు మాట వినవట. సరే అని ఓ సాయంత్రం చెరువు చుట్టూ సైకిలు తొక్కి, మా వీధి మూల దగ్గర దిగి పరుగందుకున్నాడు. మోకాళ్ళు రెండూ రెండు దారులు పట్టాయి. గోడ పట్టుకుని, వదిలి, అటో అడుగు ఇటో అడుగు. ఎదురింటావిడ ముక్కున వేలేసుకుని, "పాపం, ఇన్నాళ్ళకి మొదలుపెట్టాడా!" అంది.

"తాగలేదమ్మా, ఆరోగ్యం బాగు చేసుకుంటున్నాడు" అన్నాను.

"అందరూ అదే చెబుతారు వదినా" అని లోపలికి పోయింది.

బూటు తాళ్ళు ముడేసుకోవడానికే అతనికి బోలెడు సేపు పట్టేది. పొట్ట అడ్డం. నేను తాళ్ళు పీకేసి లంగాలకి వేసే సాగే పట్టీ కుట్టాను. కాలు దూర్చడమే, ముడి లేదు. దాన్ని చూసి టీచరమ్మ, "ఎక్కడ కొన్నారు?" అని అడిగిందట. ఈ ముక్క రాయకపోయినా కథకి లోటు లేదు గానీ, నాకుంది.

ఎండలు ముదిరేసరికి పొట్ట కొంచెం తగ్గింది. బొత్తాలు దణ్ణాలు మానేశాయి. మా అమ్మాయి వేలు పొడిచి చూసి, "పర్వాలేదు" అంది. అది పర్వాలేదు అందంటే మిగతావాళ్ళు పండగ చేసుకోవచ్చు. గట్టు ఎత్తు కూడా సైకిలు దిగకుండా ఎక్కుతున్నాడు.

అప్పుడు చెరువులోకి దింపారు. అక్కడ వచ్చింది చిక్కు.

కొలనులో కింద నల్లగీత ఉంటుంది, పక్కన తాడు ఉంటుంది. చెరువులో ఏముంటుంది? నీళ్ళుంటాయి. నేనూ వెళ్ళాను చూడ్డానికి, మడత స్టూలు పట్టుకుని. దూరంగా ఒక నారింజరంగు గాలి బుంగ తేలుతోంది. దాని చుట్టూ తిరిగి రావాలి. మావాడు దిగాడు, మొహం ముంచాడు, చేతులు తిప్పాడు. బాగానే పోతున్నాడు అనుకున్నా. చూస్తూ ఉండగా ఎడమకి తిరిగాడు. ఇంకా తిరిగాడు. బుంగని దాని మానాన వదిలేసి, చక్కగా గుండ్రంగా తిరిగొచ్చి, నా స్టూలుకి నాలుగు బారల దూరంలో లేచి నిలబడి, "అయిపోయిందా?" అన్నాడు గర్వంగా.

"అయిపోయింది నాయనా. బయల్దేరిన చోటికే వచ్చావు" అన్నాను.

టీచరమ్మ తల పట్టుకుంది. "నాలుగు బారలకోసారి తలెత్తి బుంగ ఎక్కడుందో చూడండి సార్!" అంది. ప్రయత్నించాడు. గుర్తుపెట్టుకుని ఒకసారి తలెత్తుతాడు, రెండోసారి మర్చిపోతాడు, మూడోసారి గుర్తొచ్చి కంగారుగా ఎత్తి నీళ్ళు మింగుతాడు. వారమంతా అదే తంతు. చెరువు సగం తాగేశాడు గానీ దాటలేదు.

ఎందుకు ఎడమకే పోతున్నాడో నేను పట్టుకున్నాను. ఏళ్ళుగా అతని చొక్కాలు కుట్టేదాన్ని, ఆ భుజాలు నాకు తెలీవా? ఉత్తరాల సంచీ ఎప్పుడూ ఎడమ భుజానికే. ఆ భుజం ఎత్తుగా, బిగుసుకుపోయి ఉంటుంది, అందుకే కుడివైపు లోపల ఒక పలక గుడ్డ వేసి సమం చేస్తాను. బిగుసుకున్న చెయ్యి నీళ్ళు సరిగ్గా లాగదు, రెండో చెయ్యి లాగేస్తుంది, మనిషి తిరిగిపోతాడు. ఇదే చెప్పాను.

"అయితే ఏం చెయ్యను?" అన్నాడు.

"సంచీ భుజం మార్చు."

మార్చాడు. మార్చిన రోజు నుంచి ఇంటికి వచ్చేవాడు, కుడి భుజం నొప్పి, ఎడమ భుజానికి ఏమీ తోచడం లేదు అంటూ. అలవాటవుతుందిలే అన్నాను.

నాలుగో రోజున కొంప మునిగింది. ఎప్పుడూ ఎడమచేతి మీద ఉత్తరాల కట్ట పేర్చుకుని, మొదటి ఇల్లు పైన, కుడిచేత్తో ఒక్కొక్కటీ తీసేవాడు. ఇప్పుడు సంచీతోపాటు చేతులు మారాయి, కట్ట తిరగబడింది. ధ్యాసంతా భుజం మీదే. జారిపోతున్న సంచీ ఎగదోసుకోవడం, బెల్లు కొట్టడం, కవరు వేసేయడం. బావి వీధి మొత్తం ఒక్క గేటు దగ్గర కూడా తలెత్తలేదు. చివరి ఇంటివి మొదటి ఇంట్లో, మొదటింటివి చివరి ఇంట్లో పడ్డాయి.

ఆ సాయంత్రం బావి వీధిలో ఒకరి సంగతులు ఒకరు చదువుకున్నారు. పళ్ళ డాక్టరు బిల్లు కొత్తగా పెళ్ళయిన జంటకి పోయింది, పళ్ళు కట్టించుకున్నావని నాకెందుకు చెప్పలేదని ఆ పిల్ల మొగుడితో పోట్లాట పెట్టుకుంది. గడియారాలు బాగుచేసే ఆయన ఎదురింటివాళ్ళ ఇంట్లో పెళ్ళి పిలుపు తనకే వచ్చిందనుకుని, పాత కోపమంతా మరిచి, రోడ్డు దాటి వెళ్ళి ఎదురింటాయన్ని కావలించుకున్నాడు. తర్వాత ఇంటికొచ్చి కవరు మీద పేరు చూసుకుని మళ్ళీ కోపం తెచ్చుకున్నాడు.

నవ్వొచ్చే సంగతే. మా ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు. పొద్దున్నే వీధివాళ్ళు పోస్టాఫీసుకి వెళ్ళారు. పోస్టుమాస్టరు మావాణ్ణి పిలిచాడు. ఆ రోజు మాట అంత మెత్తగా లేదట.

"పోటీ సంగతి నేను సరదాగా అన్నాను. మీరు దాన్ని నెత్తిన పెట్టుకుని ఉద్యోగం పాడుచేస్తున్నారు. ఇక టేబులు దగ్గర కూర్చోండి."

మావాడు అన్నాడట: "ఆదివారమే పోటీ సార్. మీరు అందరి ముందూ మాటన్నారు."

ఆయన గోడ మీది కాగితం చూసి, "సరే, ఆదివారం దాకా ఆగుతాను. పూర్తి చేస్తేనే. సగం ఈత, సగం పరుగు లెక్కలోకి రావు" అన్నాడట.

ఇంటికొచ్చి సంచీ మూలన పెట్టి, "వదిలేద్దాం అత్తయ్యా. చెరువు నా వల్ల కాదు. టేబులైతే టేబులు" అన్నాడు.

నాకు నోటి దాకా వచ్చింది, వాయించేద్దామని. అంతలో మా అమ్మాయి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇన్నేళ్ళలో మీరు తప్పు ఇంట్లో ఉత్తరం వేశారా?"

"లేదు."

"మరి నిన్న ఎందుకు వేశారు?"

అతను ఆలోచించాడు. నిజంగా ఆలోచించాడు, నుదురు చిట్లించి. "తలెత్తలేదు" అన్నాడు. "నిన్న ఒక్క గేటు దగ్గర కూడా నేను తలెత్తి నెంబరు చూడలేదు."

మా అమ్మాయి కూర తిప్పడానికి వెళ్ళిపోయింది. దానికి ఏమీ తట్టలేదు, నాకూ తట్టలేదు. అతను లేచి వరండాలోకి పోయి అటూ ఇటూ నడిచాడు. తర్వాత నా మిషను దగ్గరికొచ్చి, ఎవరో వింటారన్నట్టు, "అత్తయ్యా, చెరువులో కూడా నేను తలెత్తడం లేదు" అన్నాడు.

"ఈ ముక్క టీచరమ్మ రోజూ ఈల ఊది మరీ చెబుతోంది కదయ్యా!"

"ఆవిడ నాలుగు బారలకోసారి అంటుంది. బారలు లెక్కపెడుతూ ఈత మర్చిపోతాను, ఈదుతూ లెక్క మర్చిపోతాను. గేట్లు అయితే లెక్కపెట్టనక్కర్లేదు."

మర్నాడు పొద్దున్నే చెరువుకి పోయాం, ముగ్గురం. సంచీ తిరిగి ఎడమ భుజానికే పోయింది. రోగం కనిపెట్టింది నేనే, ఆ మాట నిలబడే ఉంది. మందు పడలేదంతే.

అతను నీళ్ళలో దిగి బుంగకేసి చూసి, మొహం ముంచి కదిలాడు. నాలుగు బారలు వేశాడో అయిదు వేశాడో, తల పైకి లేచింది. చూసింది. మునిగింది. మళ్ళీ కొంచెం దూరం పోయాక లేచింది, చూసింది. కంగారు లేదు, నీళ్ళు మింగడం లేదు. ఎడమకి జరిగితే తలెత్తిన ప్రతిసారీ సర్దుకుంటున్నాడు. బుంగ దాటాడు. టీచరమ్మ ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయింది.

ఒడ్డెక్కి వచ్చాక, "ఏం చేశావయ్యా?" అని అడిగాను.

"బావి వీధిలో ఉత్తరాలు ఇచ్చొచ్చాను" అన్నాడు. "నీలం గేటు, మల్లెపందిరి, గడియారాల ఆయన ఇల్లు... ఒక్కో ఇంటి దగ్గరా తలెత్తి నెంబరు చూశాను."

పిచ్చి ముదిరిందనుకున్నారేమో వినేవాళ్ళు. నాకు మటుకు ముద్దొచ్చాడు. పైకి మాత్రం, "తల తుడుచుకో ముందు, జలుబు చేస్తుంది" అన్నాను.

ఆదివారం వచ్చింది. చెరువుగట్టు నిండా జనం. సన్నసన్న సైకిళ్ళు, తూకానికి కాగితాల్లా ఉన్నాయి. వాటి మధ్య మావాడి పోస్టు సైకిలు ఎర్రగా, బలంగా, పెళ్ళివారింట్లో గేదెని కట్టేసినట్టు నిలబడి ఉంది. బెల్లు తీయమంటే తీయలేదు. పక్కనే తువ్వాలు మీద నా పట్టీ బూట్లు పెట్టాను, మడమ వెడల్పు చేసి, కాలు దూర్చడానికి వీలుగా. అందరూ పసుపు టోపీలు పెట్టుకుని నీళ్ళలో నిలబడ్డారు. ఆ టోపీల్లో మావాడెవడో కనబడదే అని భయమేసింది.

భయమక్కర్లేకపోయింది. ఈల ఊదగానే తలలన్నీ నీళ్ళలో మునిగిపోయాయి. ఒక్క తల మాత్రం కొంచెం దూరం పోవడం, పైకి లేచి చూడ్డం, మళ్ళీ మునగడం. అందరికంటే వెనకాల. తిన్నగా.

"అదుగో, నీలం గేటు" అంది మా అమ్మాయి. కాసేపాగి, "మల్లెపందిరి" అంది. నా చెయ్యి పట్టుకుంది. రోజుకి వందమంది రక్తం తీసే పిల్ల, సూది లేకుండా ఒకరి చెయ్యి పట్టుకోవడం నేనప్పుడే చూశాను.

బుంగ తిరిగాడు. తిరిగాక గాలి లేచింది, చిన్నచిన్న అలలు ఎదురొచ్చాయి. తల లేచింది, ఈసారి అల మొహాన కొట్టింది. దగ్గాడు. పక్కన కాపలా పడవ ఉంటుంది, అలసిపోతే పట్టుకోవచ్చు, ఎక్కితే మాత్రం పోటీ పోయినట్టే. మావాడు పోయి పడవ అంచు పట్టుకున్నాడు. పడవ మనిషి వంగి ఏదో అడిగాడు. మావాడు అంచుకి వేలాడుతున్నాడు.

గట్టు మీద ఒకాయన సైరను మిషను దగ్గరికి నడిచాడు. ఆయన్ని తోసెయ్యాలనిపించింది నాకు. అప్పుడు చూశాను, కొంచెం అవతల గొడుగేసుకుని పోస్టుమాస్టరు. ఆయన కూడా పడవ వంకే చూస్తున్నాడు.

"వదులు నాయనా" అన్నాను పళ్ళ మధ్య. "వదిలి రా. ఇంటికి దగ్గర పడ్డావు."

వదిలాడు. మునిగాడు, లేచాడు, చూశాడు. మళ్ళీ. మళ్ళీ. ఒడ్డు దగ్గర బురదలో కాలు ఆనింది, జారాడు, చేతుల మీద లేచాడు. అతను నా పక్కనుంచి, నీళ్ళు కారుతూ, నన్ను గుర్తుపట్టకుండానే పరిగెత్తాడు. చెయ్యి సైకిలు హాండిలు మీద పడ్డాక మోగింది సైరను.

మిగతా దానికి నేను భయపడలేదు, మీరూ పడకండి. సైకిలు మీద అతను ఆరుగురిని దాటాడు. చెరువు చుట్టూ ఉన్న రోడ్డులో కొంత అతని బీటే. అక్కడి గేట్ల దగ్గర నిలబడి చూస్తున్న ప్రతివాళ్ళకీ బెల్లు కొట్టుకుంటూ పోయాడట. ఆగకుండా. ఆగనందుకు బాధగా ఉండిందని తర్వాత చెప్పాడు. దిగాక మోకాళ్ళు మళ్ళీ రెండు దారులు పట్టాయి, కాస్సేపే. ఆ దాటిన ఆరుగురిలో నలుగురు పరుగులో మళ్ళీ అతన్ని దాటిపోయారు. అతను తీరు మార్చలేదు, అదే అడుగు, అదే ఊపు. చిట్టచివరికి ఇద్దరి ముందు వచ్చాడు. ఆ ఇద్దరిలో ఒకాయన కాలికి కట్టు ఉంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

టీచరమ్మ ఈల చెవులు పగిలేలా ఊదింది. గడియారాల ఆయన, ఎదురింటాయన ఇద్దరూ వచ్చారు, విడివిడిగా నిలబడి చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి మొగుడి దగ్గరికి పోయి, మెడ పట్టుకుని ఏడుస్తుందేమో అనుకుంటే, చెయ్యి లాగి నాడి చూసింది.

"పడవ దగ్గర అంతసేపు ఏం చేశావయ్యా? ప్రాణం పోయింది ఇక్కడ" అన్నాను.

"కుక్క ఇల్లు అత్తయ్యా. అక్కడ ఎప్పుడూ కాసేపు ఆగాలి. అది అరిచి అరిచి ఊరుకున్నాక పోవాలి."

పోస్టుమాస్టరు గొడుగు మూసి వచ్చాడు. మావాడు లేవబోతే భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు. "రేపు ఆలస్యం చేయకండి. మీ వీధులవాళ్ళు మీరెప్పుడొస్తారని నా ప్రాణం తీస్తున్నారు" అన్నాడు. అని, వెళ్ళబోతూ, "ఆ సంచీ ఒక భుజానికే వేస్తారెందుకు? రెండు భుజాలకీ వేసుకునేవి ఉంటాయి కదా" అన్నాడు.

"ఆఫీసులో ఇవ్వలేదు సార్."

"ఆఫీసు ఇచ్చేలోపు మా అల్లుడు ముసలాడవుతాడు. నేను కుడతాను" అన్నాను నేను. ఆయన మెత్తగా నవ్వాడు. ఈసారి నాకు భయం వేయలేదు.

ఆ సాయంత్రమే సంచీ మిషను మీద పెట్టాను. పాత నడుం పటకాలోంచి రెండో పట్టీ కత్తిరించి, కుట్టు మీద కుట్టు వేశాను, నలుగురు పిల్లల్ని వేలాడదీసినా తెగకుండా. అల్లుడు తడి తువ్వాలు మంచం మీద పడేసి గుర్రు పెడుతున్నాడు. లేపలేదు.

సోమవారం పొద్దున సంచీ వీపున వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. రెండు భుజాలూ సమంగా ఉన్నాయి. ఇక కుడివైపు పలక గుడ్డ మానెయ్యాలి కాబోలు, చొక్కాలన్నీ విప్పి మళ్ళీ కుట్టాలి. నా పని పెరిగింది.

"వచ్చేటప్పుడు రెండు మేకులు తీసుకురా, కిటికీ రెక్కకి" అన్నాను.

"చూద్దాం అత్తయ్యా" అన్నాడు.

సైకిలెక్కాడు. పక్కింటి గేటు దగ్గర ఆగి తలెత్తి చూశాడు. ట్రింగు. ఆ పై ఇంటి దగ్గర ట్రింగు. నేను మిషను తొక్కడం ఆపి విన్నాను, మూల తిరిగి బావి వీధిలోకి పోయేదాకా, అక్కడి కుక్క అరిచి అరిచి ఊరుకునేదాకా.